ఇంటివారికి చేతి అల్లిక కానుకలు

సమూయేలు మొదటి గ్రంథము రెండవ అధ్యాయములో హన్నా చేసిన యొక చిన్న పని చెప్పబడియున్నది. ఆమె తన కుమారుని పసితనమునందే షిలోహులోని మందిరసేవకు ఒప్పగించెను. బాలుడు తల్లియొద్ద నుండలేదు. తల్లి యతనిని దినదినమును చూచుటకు వీలులేదు. అయినను ఏటేట ఒక చిన్న అంగీని సిద్ధపరచి, పెనిమిటితోకూడ బలియర్పణకు పోవునప్పుడు దానిని బిడ్డకు తీసికొనిపోవుచుండెను. గ్రంథకర్త యింతకుమించి యేమియు చెప్పలేదు. కాని బిడ్డ యేటేట ఎదుగును. నిరుటి అంగీ ఈ యేటికి చాలదు. కావున ఆ తల్లి కంటికి కానరాని బిడ్డయొక్క భుజముల వెడల్పును చేతుల పొడవును మనస్సులోనే కొలిచి యుండవలెను. ఇంటివారికొరకు చేతితో చేయు కానుకయొక్క సారమంతయు ఈ కొలతలోనే యున్నది.

దేశాంతరములందు తోటల కాపురములలో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబములకు ఈ సంగతి సులభముగా బోధపడును. ఒక కుమారుడు పట్టణములో పనిచేయును. ఒక కుమార్తె అత్తవారింట వేరొక సీమలో నుండును. మనుమలను సంవత్సరమున కొకమారు చూచు అవ్వలు అనేకులు గలరు. అట్టివారి చేతులలో ఊలు అల్లిక యొక కాలక్షేపము మాత్రమే కాదు. దూరముననున్న వారిని తలంచుకొనుటకు అదియొక మార్గము.

ఒక దారము, రెండు సూదులు

మగ్గముమీద నేయు బట్టకు పడుగును పేకయు నను రెండు వరుసల నూలు వలయును. సూదులతో అల్లుదానికి ఒక్క దారమే చాలును. ఎడమచేతి సూదిమీద నున్న ఉచ్చులోనికి కుడిచేతి సూదిని దూర్చి, దారమును చుట్టి, క్రొత్త ఉచ్చును పైకి లాగి, పాతదానిని జారవిడుతురు. ఇట్లు ఒక కుట్టు పూర్తియగును. వేనవేల కుట్లు ఒకదానినొకటి పట్టుకొని వస్త్రమగును. దారము వంకరలు తిరిగి యుండుటచేత అల్లిన బట్ట సాగును, మరల తన రూపునకు వచ్చును. అందుచేతనే శరీరమున కంటియుండవలసిన మేజోళ్లకును టోపీలకును స్వెటర్లకును అల్లిక తగినది.

అల్లికకు మరియొక మేలు కలదు. కొస దొరికినయెడల దానినంతయు విప్పివేసి, దారమును చిలుపగా చుట్టి, తడిపి ఆరవేసి, మరల నల్లవచ్చును. నాయన స్వెటరు మోచేతులయొద్ద చిరిగినప్పుడు చెడని భాగమును విప్పి బిడ్డకు చొక్కాయి అల్లిన తల్లులు లోకమంతటను గలరు. అట్టి చొక్కాయిలో నాయన వెచ్చదనము కొంత మిగిలియున్నదని పిల్లలు తలంచినయెడల తప్పులేదు.

ఈ విద్య మిక్కిలి పాతది. లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఎఱ్ఱ ఉన్నితో చేసిన యొక మేజోళ్ల జత యున్నది. అది ఐగుప్తులోని ఆక్సిరింకసు పట్టణపు శిథిలములలో దొరకినది. క్రీ. శ. 250 మొదలు 420 వరకుగల కాలమునకు చెందినదని యెంచబడుచున్నది. అది రెండు సూదుల అల్లికకంటె ముందుదగు ఒంటి సూది పద్ధతిని చేయబడినది. దాని బొటనవ్రేలు వేరుగాను, తక్కిన వ్రేళ్లు వేరుగాను అమర్చబడినవి. చెప్పుల పట్టెడ వ్రేళ్లనడుమ ఇముడుటకే యిట్లు చేసిరి. చెప్పులు విడువని అవ్వలకు చలికాలపు మేజోళ్లు అల్లదలచువారికి ఈ జత నేటికిని మంచి మాదిరి.

1589వ సంవత్సరమున ఇంగ్లాండులో విలియం లీ అనువాడు మేజోళ్లను అల్లు యంత్రమును కల్పించెను. అప్పటినుండి యంత్రము చేతితో పోటీపడి, తుదకు గెలిచినది. నేడు అంగడిలో దొరకు స్వెటరు వెల తరచుగా దానికి వలయు మంచి ఊలు వెలకంటెను తక్కువగా నుండును. కావున డబ్బు మిగుల్చుకొనుటకై అల్లుచున్నామని యెవరైన చెప్పిన అది యుక్తముగా తోచదు. అల్లిన కానుకలోని విలువ డబ్బు కాదు, కాలము.

కాలము ఎవరిది?

తోటల వంశస్థులకు కాలముయొక్క వెలను వేరొకరు నేర్పనక్కరలేదు. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి దర్బానుకు చేరినది. నేటాలు చెఱకుతోటలకు వచ్చిన ఒప్పందపు కూలీలలో మొదటివారు ఆ ఓడలోనివారే. 1911లో ఆ వలస నిలిచిపోవులోగా లక్షన్నరకు మించిన జనులు ఆ సీమకు వచ్చిరి. వారిలో తెలుగువారు అనేకులు. ఒప్పందము అయిదేండ్లు. మొదటి యేట పురుషునికి నెలకు పది షిల్లింగులు, స్త్రీకి అందులో సగము. ఒక దినము పనికి రానియెడల రెండు దినముల కూలి కోయుటయు ఆ కాలపు మర్యాదయై యుండెను. సూర్యోదయమునుండి సూర్యాస్తమయమువరకు దినము దొరది. మిగిలిన కొద్దిపాటి చీకటిలో నీళ్లు, కట్టెలు, వంట, బిడ్డలు.

1903వ సంవత్సరమున నెల్లూరు సీమనుండి జాన్ రంగయ్యగారు తెలుగు బాప్తిస్టుల పక్షమున నేటాలునకు వచ్చి, కియర్స్నీ తేయాకుతోటలోని తెలుగువారి నడుమ సంఘమును స్థాపించెను. ఆయన వచ్చునాటికి ఒప్పందము ముగిసిన భారతీయులమీద సంవత్సరమునకు మూడు పౌనుల తలపన్ను విధింపబడియుండెను. ఆ పన్ను 1914లో గాని రద్దు కాలేదు. నెలకు పది పండ్రెండు షిల్లింగులు తెచ్చుకొనువానికి మూడు పౌనులనగా అయిదారు నెలల కూలి.

ఇట్టి చరిత్రగలవారి మనుమరాండ్రు సాయంకాలమున దీపముక్రింద కూర్చుండి, ఎవరి ఆజ్ఞయు లేకుండ, తమకిష్టమైన రంగుతో తమకిష్టమైన బిడ్డకు టోపీ అల్లుదురేని, అది చిన్న సంగతి కాదు. ఆ గంట అమ్మబడినది కాదు, కోయబడునది కాదు. అది వారిదే. తమదగు దానినే మనుష్యుడు కానుకగా నియ్యగలడు.

నేటాలులో చాలకాలము నివసించిన గాంధీగారికి ఈ సంగతి బాగుగ తెలిసియుండెను. ఆయన 1893లో దర్బానుకు వచ్చి 1914లో ఆ దేశమును విడిచెను. విడుచునప్పుడు తనను చెరలో వేయించిన జనరల్ స్మట్సుకు తాను చెరలోనే కుట్టిన చెప్పుల జతను బహూకరించెను. స్మట్సు వాటిని అనేక వేసవులు తొడిగి, 1939లో గాంధీగారి డెబ్బదియవ జన్మదినమునకు మర్యాదతో తిరిగి పంపెను. 1947 నవంబరు 20వ తేదీన ఇంగ్లాండు రాకుమారి ఎలిజబెతు వివాహమాడినప్పుడును గాంధీగారు పంపినది బంగారము కాదు. తాను స్వయముగా వడికిన నూలుతో అల్లించిన చిన్న లేసు వస్త్రము. దానిలో జై హింద్ అను అక్షరములు అల్లబడియుండెను. అప్పటి వృద్ధ రాణియగు మేరీ దానిని కౌపీనమని పొరబడి కోపించెనని ప్రసిద్ధి. అయినను ఆ వస్త్రము భద్రముగానే ఉంచబడినది.

కుట్ల లెక్క

చేతి అల్లికలో ఎంత పని కలదో చాలమంది లెక్క వేసి చూడరు. సామాన్యపు ఊలుతో అంగుళమునకు అయిదు కుట్లు, నిలువున అంగుళమునకు ఏడు వరుసలు వచ్చుననుకొందము. ఆరు నెలల బిడ్డ టోపీకి చుట్టుకొలత 14 అంగుళములు, ఎత్తు 6 అంగుళములు. అనగా వరుసకు 70 కుట్ల చొప్పున 42 వరుసలు, మొత్తము 2,940 కుట్లు. నిమిషమునకు 25 కుట్లు అల్లు నేర్పరికి దీనికి రెండు గంటలు పట్టును.

అదే పెద్దవాని స్వెటరునకు రొమ్ము చుట్టుకొలత 40 అంగుళములు. వరుసకు 200 కుట్లు. చంకలవరకు 16 అంగుళముల పొడవున 112 వరుసలు. ఆ మొండెము మాత్రమే 22,400 కుట్లు, అనగా ఇంచుమించు పదునైదు గంటలు. భుజములు, మెడ, రెండు చేతులు ఇంకను మిగిలియున్నవి. వంట ముగించుకొని రాత్రి యొక గంట మాత్రమే కూర్చుండు స్త్రీకి ఒక్క స్వెటరు నెలపైగా పట్టును.

ఈ లెక్క అవసరమేమన్న, లెక్క లేనిచోట పని కంటబడదు. పశ్చిమ గోదావరిలోని నరసాపురము, పాలకొల్లు ప్రాంతములే దీనికి సాక్ష్యము. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు అచ్చటి పేద క్రైస్తవ స్త్రీలకు కొక్కెపు సూదితో లేసు అల్లుట నేర్పిరి. తరువాత ఇతర కులముల స్త్రీలును నేర్చుకొనిరి. ఆ లేసు సముద్రములు దాటి అమ్ముడుపోయినది. మరియా మీస్ అను జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు ఆ స్త్రీల బ్రదుకును పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. వారు ఇంటిపనితోపాటు దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లుచుండిరి. అయినను వర్తకులును, ఇంటి పురుషులును దానిని తీరిక సమయపు పని అనియే చెప్పుచుండిరి. తీరికలో చేయునది పని కాదు గదా యని కూలియు మిక్కిలి తక్కువగా నిచ్చుచుండిరి.

అమ్మకపు అల్లికలో జరిగిన ఈ అన్యాయము ఇంటి అల్లికలోనికిని తెలియకుండ ప్రవేశింపగలదు. ఒక యింటిలో ఒక్క స్త్రీ అల్లిక నేర్చినదైన, ఆడబిడ్డ కొకటి, మఱది కొకటి, పొరుగువారి శిశువునకొకటి కావలెనని అందరు నడుగుదురు. ఊరకే కూర్చున్నావు గదా యందురు. ఆమె సంవత్సరమంతయు అందరి మెడలకు అల్లుచుండును. ఆమె మెడకు మాత్రము ఎవరును అల్లరు. అడిగి వసూలు చేయబడినది కానుక కాదు, అదియొక పన్ను. తలపన్నుల చరిత్ర తెలిసిన వంశములు తమ యింటి ఆడువారిమీద అట్టి పన్ను వేయుట తగదు.

ఎవరికి ఏది తగును?

ప్రేమ యెంత గొప్పదైనను, కొలత తప్పిన కానుక పెట్టెలోనే యుండును. మొదట పుచ్చుకొనువానిని చూడవలెను, తరువాత నమూనాను చూడవలెను.

శిశువులకు మెత్తని దారమే వాడవలెను. పెద్ద రంధ్రముల లేసు పని శిశువుల దుప్పట్లకు తగదు. చిన్ని వ్రేళ్లు వాటిలో చిక్కుకొనును. చేతితొడుగుల లోపలను మేజోళ్ల లోపలను వదులు దారములు వ్రేలాడినయెడల అవి వ్రేలికి చుట్టుకొని రక్తము ఆడకుండ చేయును. కావున లోపలి ప్రక్కను త్రిప్పిచూచి కొసలను గట్టిగా ముగింపవలెను. మెడయొద్ద పొడవైన నాడాలు కట్టరాదు. ఊడివచ్చు గుండీలు కుట్టరాదు. ఇంటిలోపల నిద్రించు శిశువునకు టోపీ పెట్టరాదు. వారి వేడి తలనుండియే మిక్కిలిగా వెడలును గనుక, టోపీ బయటికి పోవునప్పటికే.

ఎదుగు పిల్లలకు ఒక కొలత పెద్దదిగా అల్లి, చేతుల కొసలు మడచిన రెండు చలికాలములకు వచ్చును. బయట పనిచేయు నాయనకు చేతులులేని స్వెటరు మేలు. చేతులు కదలుటకు అడ్డు రాదు, అల్లువారికిని పని తగ్గును. కాళ్లు చల్లబడు తాతకు మోకాళ్లమీద కప్పుకొను చిన్న శాలువ చాలును. దానికి కొలతయొక్క చింతయే లేదు. క్రొత్తగా నేర్చుకొనువారును దానితోనే మొదలుపెట్టవచ్చును.

దారమును ఎంచుటలోను వివేకము వలయును. ఉన్నిపోగుమీద కంటికి కానరాని పొలుసులు కలవు. వేడినీళ్లలో వేసి రుద్దినయెడల ఆ పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని బట్ట కుంచించుకొనిపోవును. నెలపాటు అల్లిన స్వెటరు ఒక్క యుతుకుతో బొమ్మకు సరిపోవునదిగా మారును. కావున ఉన్ని కానుకతోపాటు దాని నెట్లుతుకవలెనో కూడ చెప్పవలెను. చల్లని నీళ్లలో ముంచి, పిండక అదిమి, బట్టమీద పరచి ఆరవేయవలెను. తీగమీద వ్రేలాడదీసినయెడల నీటి బరువునకు సాగిపోవును. ఉతుకుటకు తీరిక లేని తల్లికి నూలుదారముగాని, అక్రిలిక్ దారముగాని అనుకూలము. అయితే అక్రిలిక్ నిప్పు తగిలినప్పుడు కరగి చర్మమున కంటుకొనును. నూలు త్వరగా అంటుకొని మండును. ఉన్ని సులభముగా మండదు. పొయ్యియొద్ద తిరుగు పిల్లలకును పెద్దలకును ఉన్నియే క్షేమకరము.

ఏ దారమైనను మొదట నాలుగంగుళముల చదరపు తునక అల్లి, ఉతికి ఆరవేసి, అంగుళమునకెన్ని కుట్లు వచ్చినవో లెక్కింపవలెను. ఒకరి చేయి బిగువు, ఒకరి చేయి వదులు. అంగుళమునకు అయిదు కుట్లని తలంచి నాలుగున్నర మాత్రమే వచ్చినయెడల, 200 కుట్ల స్వెటరు 40 అంగుళములకు బదులు 44 అంగుళములు దాటిపోవును. ఒక సాయంకాలము ఈ తునకకు వెచ్చించువారు ముప్పది సాయంకాలములను కాపాడుకొందురు.

ఋతువును కూడ చూడవలెను. క్రిస్మసు కానుకయనగానే చిత్రపటములలోని మంచును తలంచుకొని ఉన్ని టోపీలు అల్లుట వాడుక. కాని దక్షిణాఫ్రికాలో డిసెంబరు నడివేసవి. నేటాలులో చలి జూన్, జూలై, ఆగస్టు నెలలది. లోపలి ఎత్తుప్రదేశములలో మంచు గడ్డకట్టును, సముద్రతీరమున స్వల్పముగా నుండును. కావున అచ్చటివారు ఉన్ని పనిని మార్చిలో మొదలుపెట్టి చలికి ముందు చేతికందింపవలెను. క్రిస్మసునకు నూలుతో అల్లిన బల్లగుడ్డయో, చేసంచియో యియ్యవలెను. మలయా తోటలలో చలికాలమే లేదు. అచ్చటివారికి నూలు అల్లికయే సంవత్సరమంతయు తగును.

ఇచ్చువారును పుచ్చుకొనువారును

కానుక యిచ్చినవారు దానిని తరువాత తమ చేతిలో పట్టుకొనియుండరాదు. స్వెటరు తొడిగితివా, ఏల తొడుగలేదు, ఎన్ని రాత్రులు మేలుకొంటినో యెరుగుదువా యని అడుగుచుండినయెడల, వెచ్చదనమునకై యిచ్చినది బరువగును. ఇచ్చినప్పుడే సరిపోయినదా, గరుకుగా నున్నదా, రంగు నచ్చినదా యని యొకమారు సరళముగా అడిగి, నచ్చనిచో విప్పి మరల అల్లుటకు సిద్ధముగా నుండవలెను. అల్లిక యట్టి క్షమగలది.

పుచ్చుకొనువారికిని ధర్మము కలదు. స్వెటరు లోపలి గంటలను లెక్కింపవలెను. తొడిగి చూపవలెను. దూరముననున్న మనుమడు ఆ టోపీ పెట్టుకొన్న ఫొటోను అవ్వకు పంపిన అదియే ఆమెకు కూలి. చిరిగినప్పుడు పారవేయక బాగుచేయింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా ఆ విద్యను అడిగి నేర్చుకొనవలెను. ఇది ఆడువారి పనియని బాలురను దూరముంచుట తగదు. పూర్వము ఐరోపాలో కొన్ని పట్టణములందు మేజోళ్లల్లు శ్రేణులు పురుషులవే. నూలు వడికిన గాంధీగారి చేతులు పురుషుని చేతులే. పండ్రెండేండ్ల బాలుడు ఒక వారములో తన అవ్వకు మెడపట్టీ అల్లగలడు. సంవత్సరములతరబడి అందరికి అల్లిన ఆ అవ్వకు అదియే మొదటి కానుక కావచ్చును.

స్త్రీల సమాజములు దీనికి తోడ్పడవచ్చును. ఏ యింటిలో ఎవరు అల్లుదురో, వారికెవరు అల్లుదురో విచారింపవలెను. కండ్లు మందగించిన వృద్ధురాండ్రకు లావు సూదులును లేతరంగు దారమును సమకూర్పవలెను. నల్లదారపు కుట్లు రాత్రివేళ కానరావు. అల్లి అమ్మువారికి దారము వెల మాత్రము కాక గంటల లెక్కను చూచి సరియైన కూలి నియ్యవలెను.

అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయములో యొప్పేవాసురాలగు దొర్కా మరణించినప్పుడు ఆమెనుగూర్చి ప్రసంగము చేసినవారు లేరు. విధవరాండ్రు పేతురుయొద్ద నిలిచి యేడ్చుచు, ఆమె తమకు చేసియిచ్చిన అంగీలను వస్త్రములను చూపిరి. ఆమె యెంత మంచిదో ఆ బట్టలే చెప్పినవి. వాటిలోని ప్రతి కుట్టును ఎరిగినవారు ఆ విధవరాండ్రే, ఏలయనగా వాటిని తొడిగినవారు వారే. ఒక్క విచారము మాత్రము మిగులును. దొర్కా బ్రదికియున్న కాలమున ఆమె చేతులకు ఆ మాట ఎవరైన చెప్పిరో లేదో గ్రంథములో లేదు. ఇండ్లలో అల్లుచున్న అవ్వలకును తల్లులకును ఆ మాటను ఈ సాయంకాలమే చెప్పవచ్చును.